టాల్‌స్టాయి మహాశయుని మతము

1901వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున రుష్యాదేశపు మతాధికారసభయగు పవిత్ర సినాడు ఒక ప్రకటనమును వెలువరించెను. కౌంటు లియో టాల్‌స్టాయి తమ క్రైస్తవసంఘమునకు చెందినవాడు కాడనియు, పశ్చాత్తప్తుడై మరలి వచ్చువరకు వానిని తమవానిగా నెంచజాలమనియు దాని తాత్పర్యము. అప్పటి కాయనకు 72 ఏండ్లు. మన గ్రామములలో వెలి యనగా నేమో పాఠకులకు వేరుగా చెప్ప నక్కరలేదు. నిప్పు నీళ్లు పుట్టవు. చాకలి మంగలి రారు. శవము లేచుటకు నలుగురు దొరకరు. రుష్యాలో జరిగినది దీనికి విపరీతము. ప్రకటనము పత్రికలకెక్కిన దినముననే మాస్కో వీథిలో ఆయన కానవచ్చినంతనే జనులు గుమిగూడి జయధ్వానములు చేసిరి. పీటర్సుబర్గు చిత్రప్రదర్శనమున రేపిను అను చిత్రకారుడు వ్రాసిన ఆయన పటమును పుష్పములతో ముంచిరి. వెలివేసినవారే వెలవెలబోయిరి.

నిజమునకు సంఘ మాయనను విడుచుటకు ఇరువది యేండ్లకు ముందే ఆయన సంఘమును విడిచియుండెను. క్రీస్తును మాత్రము విడువలేదు. నేడు యూరోపు, అమెరికా ఖండములలో ఏ దేవాలయమునకును పోక, ఏ పాదిరికిని లోబడక, సువార్తలను మాత్రము ఇంట చదువుకొని తమంత తాము క్రీస్తు మార్గమున నడువజూచువారు పెక్కుమంది కలరు. అట్టివారిని నేడు నిర్బంధించువారు లేరు. అందువలన వారికి పెద్దగా నష్టమును లేదు. టాల్‌స్టాయి జీవితమును మేమిప్పుడు జ్ఞప్తికి దెచ్చుకొనుటకు కారణ మిదియే. గుడి లేదు, గురువు లేడు, పాపము చెప్పుకొని ప్రాయశ్చిత్తము పొందుటకు పీఠము లేదు. అట్టి మతము తన పొలమునకును, తన యింటికిని ఏమి తెచ్చిపెట్టునో ఆయన యనుభవించినట్లు అనుభవించినవారు అరుదు. ఆయన భూస్వామి. ఆ మాట మరచినచో ఆయన కథ యర్థము కాదు. (తేదీలను రుష్యా పాతపంచాంగము ననుసరించి యిచ్చుచున్నాము. నేటి లెక్కకు గత శతాబ్దపు తేదీలకు 13 దినములును, అంతకు ముందు శతాబ్దపు తేదీలకు 12 దినములును కలుపుకొనవలెను.)

మాస్కో నగరమునకు దక్షిణముగా సుమారు 120 మైళ్ల దూరమున, తూలా పట్టణమునకు సమీపమున యాస్నాయా పోల్యానా అను గ్రామము కలదు. అది తల్లివైపునుండి సంక్రమించిన యాస్తి. 1828 ఆగస్టు 28వ తేదీన ఆయన అచ్చట జన్మించెను. రెండేండ్లు నిండకమునుపే తల్లియు, తొమ్మిదవ యేట తండ్రియు గతించిరి. మేనత్తలు పెంచిరి. పెద్దన్న నికొలాయి చిన్నవారిని చుట్టు కూర్చుండబెట్టుకొని యొక కథ చెప్పెడివాడట. మనుష్యులందరు కలహములు లేక సుఖముగా నుండు రహస్యమును ఒక ఆకుపచ్చని కర్రపై వ్రాసి తమ యడవిలోని లోయ యొడ్డున పాతిపెట్టినారని ఆ కథ. పిల్లలు నమ్మిరి. ముసలితనము వచ్చినను ఆయన ఆ చోటు మరువలేదు.

కజాను విశ్వవిద్యాలయమున చేరి పట్టము పొందకయే 1847లో విడిచి వచ్చెను. అన్నదమ్ముల పంపకములో యాస్నాయా పోల్యానా యాయన వంతునకు వచ్చినది. అది రుష్యాలో భూమితోపాటు దానిని దున్ను మనుష్యులును యజమాని సొత్తుగా నుండిన కాలము. పదునెనిమిదేండ్ల యువకునకు వేలకొలది యెకరములును, స్త్రీలను పిల్లలను లెక్కింపకయే మూడు వందలకు పైగా దాసులగు రైతులును లభించిరి. ఆయన యౌవనమున విశేషమేమియు లేదు. మద్యము, జూదము, స్త్రీలోలత్వము, మరునాటి ఉదయమున దినచర్య పుస్తకమున పశ్చాత్తాపము. పేకాట ఋణము తీర్చుటకై 1854లో తాను పుట్టిన పెద్ద మేడనే అమ్మివేసెను. కొన్నవారు దానిని విప్పి తీసికొనిపోయిరి. తరువాతి జీవితమంతయు ఆయన ప్రక్కనున్న చిన్న భవనములో గడపెను. పుట్టిన చోట చెట్లు మొలిచినవి.

సేనలో చేరి కాకససు పర్వతములందును, పిమ్మట సెవాస్టొపోలు ముట్టడియందును పనిచేసెను. ఆ ముట్టడికాలముననే, 1855 మార్చిలో, దినచర్యయం దొక సంకల్పమును వ్రాసికొనెను. మూఢవిశ్వాసములును, గూఢతత్త్వములును తొలగించి, పరలోకసుఖమును వాగ్దానము చేయుటకు బదులు ఈ భూమిమీదనే సుఖమునిచ్చు క్రీస్తుమతము నొకదానిని స్థాపింపవలెనని ఆ సంకల్పము. ఇరువదియారేండ్ల జూదరి వ్రాసిన వ్రాత యిది! జూదమాడుచు మోక్షము చింతించువారు మన దేశమునను లేకపోలేదు గాని, ఈతడు వ్రాసినదానిని మరల పట్టుకొనెను. అందుకు పాతికేండ్లు పట్టినది.

మరుసటి యేట యుద్ధమునుండి తిరిగి వచ్చి తన రైతులను పిలిచి, కొన్ని షరతులపై దాస్యవిముక్తి నిచ్చెదనని చెప్పగా వారు సమ్మతింపలేదు. క్రొత్త చక్రవర్తి పట్టాభిషేకమునాడు భూమితోసహా స్వేచ్ఛ నిచ్చునని వారు వినియుండిరి. ఈ దొర ముందుగా కాగితము వ్రాయించుకొనుట మోసమని తలచిరి. దొరలు మేలు చేయ వచ్చినపుడు రైతు లట్లు శంకించుట అనుభవమువలన గలిగిన వివేకమే. 1861లో చక్రవర్తి శాసనముచే దాస్యము రద్దయినది. ఆయన రైతుబిడ్డలకొరకు తన యింటనే పాఠశాలను నడపెను. ప్రభువులకును రైతులకును నడుమ భూవివాదములు తీర్చు మధ్యవర్తిగా నియుక్తుడై రైతుల పక్షము వహించుచున్నాడని సాటి ప్రభువుల ద్వేషమునకు పాత్రుడయ్యెను.

1862లో సోఫియా బేర్సు అను కన్యను పెండ్లాడెను. ఆమెకు పదునెనిమిది, ఆయనకు ముప్పదినాలుగు. పదుముగ్గురు బిడ్డలు కలుగగా నెనమండుగురు పెరిగి పెద్దలైరి. “యుద్ధము-శాంతి” 1869లో ముగిసినది. “అన్నా కరెనినా” 1877 నాటికి పూర్తియైనది. ఆ గ్రంథముల చిత్తుప్రతులను పలుమారులు తిరుగవ్రాసి యచ్చునకు సిద్ధపరచినది సోఫియాయే. వానినిగూర్చి లోకమంతయు చెప్పినది చాలును. మేము వేరుగా చెప్పబోము.

1869 సెప్టెంబరులో నొక సంగతి జరిగినది. పెంజా మండలమున ఎస్టేటొకటి విక్రయమునకు వచ్చినదని విని దానిని చూచుటకై ఆయన బయలుదేరెను. దారిలో అర్జమాసు అను ఊర సత్రమున రాత్రి బస చేసెను. నడురేయి మెలకువ వచ్చినది. రోగము లేదు, భయకారణము లేదు. అయినను మృత్యువు గదిలో నిలుచున్నట్లు తోచి వణికిపోయెను. తా నెందులకు వచ్చెను? భూమి కొనుటకు. ఆ భూమి యెందులకు? దీనికి సమాధానము దొరకలేదు. ఆ భయము తగ్గినది గాని నశింపలేదు. పిమ్మట సమారా ప్రాంతమున వేలకొలది యెకరములు కొనెను. గుఱ్ఱముల మందలను పెంచెను. పది సంవత్సరముల తరువాత వ్రాసిన “ఒప్పుకోలు” అను గ్రంథమున ఈ సంగతినే తిరుగ నెత్తి, తనకు సమారాలో 6,000 దెస్యాతీనుల భూమియు (అనగా పదునారు వేల యెకరములకు పైమాట), 300 గుఱ్ఱములును ఉన్నవిగదా, తరువాత నేమి యని తన్ను తానే ప్రశ్నించుకొనెను. కీర్తివిషయమునను అదే ప్రశ్న. ఏబదియేండ్ల వయస్సున, ఆరోగ్యము, ఐశ్వర్యము, సంతానము, కీర్తి సర్వమును కలిగియుండగా, ఉరి వేసికొందునేమో యన్న భయముచే గదిలోని త్రాటిని దాచిపెట్టెను. తుపాకి పట్టుకొని వేటకు పోవుట మానెను.

ఆయనకు దారి చూపినవారు పండితులు కారు. తన చుట్టునున్న రైతులు కష్టములనోర్చి బ్రదుకుచు, తొందర లేక చనిపోవుచుండుట చూచి, వీరికి తెలిసిన దేదియో తనకు తెలియదని గ్రహించెను. వారి మతమే తన మతము కావలెనని తలచి మరల సంఘమును ఆశ్రయించెను. ఉపవాసము లుండెను, అర్చనలకు పోయెను, 1877లో ఆప్టినా మఠమునకు పోయి అచ్చటి వృద్ధసన్న్యాసులతో సంభాషించెను. ఈ ఘట్టమును పలువురు మరతురు. ఆయన అహంకారముచే మతాచారమును కాలదన్నినవాడు కాడు. వంగి, మోకరించి, రెండు మూడేండ్లు ప్రయత్నించి చూచినవాడు. ప్రభుభోజనసమయమున, పుచ్చుకొనుచున్న రొట్టెయు ద్రాక్షారసమును నిక్కముగ క్రీస్తుయొక్క మాంసమును రక్తమునని నోట పలుకవలసి వచ్చినపుడు హృదయమున కత్తి దింపినట్లయ్యెనని తరువాత వ్రాసెను. అంతకన్న బాధించినవి రెండు కలవు. ఒక్కొక్క క్రైస్తవశాఖయు తక్కిన శాఖలవారిని భ్రష్టులనుచుండెను. తురుష్కులతో 1877-78లో జరిగిన యుద్ధమున మతాచార్యులు శత్రుసంహారమునకై దేవుని ప్రార్థించుచుండిరి. శత్రువును ప్రేమింపుమన్న గురువు పేరిట శత్రువును చంపుటకు దీవెనయా? అచ్చట ఆయన కాలు నిలిచిపోయినది.

అంతట సువార్తలను స్వయముగా శోధింపబూనెను. గ్రీకుభాషలోని మూలమును ముందిడుకొని 1880-81 సంవత్సరములలో నాలుగు సువార్తలను కలిపి తిరుగ ననువదించెను. 1882లో మాస్కోలోని యూదుల మతగురువువద్ద హీబ్రూభాషను నేర్చెను. అద్భుతచర్యలను, కన్యాగర్భజననమును, పునరుత్థానమును తొలగించెను. మిగిలినది మత్తయి సువార్తలోని కొండమీది ప్రసంగము. కోపింపకుము, కామమునకు లోబడకుము, ఒట్టు పెట్టకుము, కీడును కీడుతో నెదిరింపకుము, పరజాతివానిని శత్రువుగా చూడకుము అను నైదు నియమములను అందుండి తీసి అదియే క్రీస్తుమతమనెను. పండితు లాయన గ్రీకును అంతగా మెచ్చరు. తనకు వలసిన యర్థము వచ్చువరకు పదమును వంచెనని వారి యాక్షేపణ. అది కొంతవరకు నిజమే. అయినను, అర్చకులు శతాబ్దములుగా ఆ ప్రసంగమును చదువుచు దాని నాచరించుట యసాధ్యమని సమాధానము చెప్పుచుండగా, ఇది చేయుటకే చెప్పబడినదని పట్టుపట్టిన భూస్వామి యొకడు బయలుదేరుట చిన్న సంగతి కాదు.

మాట యొకటి, చేత యొకటి కాకుండ చూపవలసిన సందర్భములు వెంటనే వచ్చినవి. 1881 మార్చిలో విప్లవకారులు రెండవ అలెగ్జాండరు చక్రవర్తిని బాంబుతో చంపిరి. తండ్రిని చంపినవారిని క్షమింపుమని టాల్‌స్టాయి క్రొత్త చక్రవర్తికి లేఖ వ్రాసెను. సినాడునకు ప్రభుత్వపక్షమున పెత్తనము వహించిన పొబెదొనోస్త్సెవు ఆ లేఖను అందజేయుటకు నిరాకరించెను. వేరొక మార్గమున పంపిరి. ఏప్రిలులో నయిదుగురను ఉరితీసిరి. 1883లో జూరీసభ్యత్వమునకు పిలుపు రాగా, ఇతరులకు తీర్పు చెప్పుట తన మతమునకు విరుద్ధమని నిరాకరించి జుల్మానా చెల్లించెను.

ఆ కాలముననే ఆయనకు త్వెరు మండలపు రైతొకడు పరిచితుడయ్యెను. అతని పేరు స్యుతాయెవు. సమాధిరాళ్ల వర్తకము చేసి, అందు అన్యాయమున్నదని విడిచిపెట్టి, సువార్త తప్ప మరియొకటి యెరుగక, మనుమలకు జ్ఞానస్నానము చేయింపక, నీది నాదియను భేదము లేక బ్రదుకజూచినవాడు. 1882లో మాస్కో జనాభాలెక్కలలో టాల్‌స్టాయి పాల్గొని పేదవాడలలోని నికృష్టజీవనమును కన్నులార చూచి, ధనికులవద్ద చందాలు ప్రోగుచేసి వారి నుద్ధరింప సంకల్పించెను. స్యుతాయెవు అది విని, డబ్బు పంచుట పని కాదు, తలకొక బీదవానిని ఇంటికి తీసికొనిపోయి తమతోపాటు పొలములో పనిచేయించి తమ పంక్తిని భోజనము పెట్టుకొందమని చెప్పెను. ఈ మాటకు కౌంటుగారి వద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. దానినిగూర్చి చింతించి చింతించి “అయితే మనమేమి చేయవలెను?” అను గ్రంథమును వ్రాసెను. మనుష్యునకు కావలసిన భూమి యెంతయను కథయు ఆ దినములదే. కాలినడకను సూర్యాస్తమయములోపల చుట్టివచ్చినంత నేల తనదగునని పరుగెత్తి ప్రాణము విడిచిన రైతు కథ. చదువనివా రుండరు.

ఆయన మద్యమాంసములను, ధూమపానమును, వేటను విడిచెను. తన గది తానే యూడ్చుకొనెను. కట్టెలు కొట్టెను, నీళ్లు మోసెను, విధవల పొలములు దున్నెను. చెప్పులు కుట్టుట నేర్చెను. ఫెటు అను కవి ఆ చెప్పులను వెలయిచ్చి కొనెను. దీనిని చూచి నవ్వినవారును కలరు. పగలు నాగలి పట్టి వచ్చిన కౌంటుగారికి సాయంకాలము తెల్లని చేతితొడుగులు వేసికొన్న సేవకులు వడ్డించుచుండిరి. ఆ నవ్వును ఆయన తానే ముందుగా నవ్వుకొనెను. దినచర్యయందు తన్ను తాను దూషించుకొనినట్లు శత్రువులును దూషింపలేదు.

ఇచ్చటనే చిక్కు. దేవాలయమునుండి బయటికి వచ్చుట కాయన కొక్క నిశ్చయము చాలినది. ఇంటినుండి బయటికి వచ్చుటకు ముప్పదియేండ్లు పట్టినది. ఆస్తి పాపమని ఆయన మతము. ఎదుగుచున్న బిడ్డలకు చదువు, తిండి, పెండ్లిండ్లు నడుపవలసినది భార్య. ఆమె సంఘమునందు భక్తిగల స్త్రీ. మొగుని క్రొత్తమతము ఆమె యడిగి తెచ్చుకొన్నది కాదు. 1884 జూన్ 17వ తేదీన వారిరువురకును కలహము జరుగగా ఆయన మూట భుజమున వేసికొని యిల్లు విడిచి తూలా దారి పట్టెను. సగము దూరము పోవుసరికి భార్య పూర్ణగర్భిణియన్న తలంపు వచ్చి వెనుకకు మరలెను. తెల్లవారకమున్నే బిడ్డ పుట్టినది. అలెగ్జాండ్రా యని పేరు పెట్టిరి. ఆ బిడ్డ పేరు పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

1891లో, 1881 తరువాత తాను వ్రాసిన గ్రంథముల నెవరైనను ఉచితముగ అచ్చువేసికొనవచ్చునని పత్రికలలో ప్రకటించెను. 1892లో స్థిరాస్తినంతయు భార్యకును తొమ్మండుగురు బిడ్డలకును పంచియిచ్చెను. కుమార్తె మరియా తండ్రి మతము ననుసరించి తన భాగము నప్పుడు వలదనెను. ఈ పంపకమునుగూర్చి మా యభిప్రాయమును దాచనక్కరలేదు. భూమి దున్నువానిదని లోకమునకు చెప్పినవాడు తన భూమిని దున్నువానికీయక కొడుకులకిచ్చెను. చేతులు కడుగుకొన్నట్లే గాని, యాస్నాయా పోల్యానా రైతునకు ఆ కడుగుకొన్న నీళ్లు కూడ దక్కలేదు. ఆ పైని అడవిలో కట్టె కొట్టినవానిని పట్టుకొనుటకు యజమానురాలు కావలివానిని పెట్టినది. 1910లో ఒకనాడు ఆ కావలివాడు టాల్‌స్టాయికి చిరపరిచితుడగు ముసలి రైతునొకనిని పట్టి కట్టి యీడ్చుకొని వచ్చుట ఆయన కంటబడెను. అప్పుడాయన యనుభవించిన దుఃఖము ఇంతింతయని చెప్పజాలము. పాపము చెప్పుకొనుటకు అర్చకుని వలదన్నవానికి దినచర్య పుస్తకమే శరణ్యమైనది.

ఆయన నెరిగినవారి కొక్క ఊరట కలదు. 1891లో మధ్యరుష్యాలో ఘోరమైన క్షామము వచ్చినపుడు, అరువదిమూడేండ్ల వయస్సున, కుమార్తెలతోను మిత్రులతోను రియజాను మండలపు బెగిచెవ్కా గ్రామమున మకాము పెట్టి, ఊరూర అన్నసత్రములు తెరపించెను. దానధర్మములు పాపపు సొమ్ముతో చేయు నటనమని అంతకుమున్ను వ్రాసినవాడే, ఆకలిగొన్న బిడ్డను చూచి ఆ సిద్ధాంతమును ప్రక్కకు నెట్టి చందాల డబ్బు పుచ్చుకొనెను. సోఫియా మాస్కోలో కూర్చుండి పత్రికలద్వారా విజ్ఞప్తి చేసి ధనము రాబట్టెను. ఆ దంపతులు ఒక్క మనస్సుతో చేసిన పని యది.

దుఖొబోరులు అనువారు రుష్యాలో నొక క్రైస్తవతెగ. అర్చకులు లేరు, విగ్రహములు లేవు. దేవుడు మనుష్యునిలోనే కలడని వారి విశ్వాసము. 1895లో వారు తమ ఆయుధములను కుప్పవేసి తగులబెట్టి సైన్యమున చేరమనిరి. కొరడాదెబ్బలు తినిరి, దేశాంతరముల పాలైరి. వారిని కెనడాకు తరలించుటకై టాల్‌స్టాయి తన వ్రతమును తానే భంగపరచి, 1899లో ప్రకటించిన “పునరుత్థానము” అను నవలకు వెల కట్టి, ఆ సొమ్ము నంతయు వారి కిచ్చెను. ఏడువేలమందికి పైగా నోడలెక్కిరి. సైన్యమును నిరాకరించిన యితర యువకులు పలువురు చెరసాలల పాలైరి. ఆయన మిత్రుడు చెర్త్‌కోవు 1897లో దేశమునుండి వెడలగొట్టబడెను. ప్రభుత్వ మాయనను మాత్రము తాకలేదు. తన మాటలు చదివినవారు శిక్ష యనుభవించుచుండగా తా నింట సుఖముగా నుండుట ఆయనకు వెలికన్న పెద్ద శిక్షయయ్యెను. తన పేరిట శిష్యులు సంఘములు కట్టుటయు ఆయనకు నచ్చలేదు. ఒక మఠమును విడిచి వచ్చినది మరియొక మఠమునకు అధిపతియగుటకు కాదుగదా.

ఆ నవలలో చెరసాలలోని ఖైదీలకు జరుపు అర్చనను పరిహాసాస్పదముగ వర్ణించిన అధ్యాయమే సినాడువారికి కోపకారణమైనదని చెప్పుదురు. వెలి ప్రకటనమునకు మొదట ప్రత్యుత్తరమిచ్చినది సోఫియా. సంఘమును నమ్మిన ఆ యిల్లాలు, ఈ శాసనమును ప్రేమధర్మముతో నెట్లు పొసగింతురని మహామతాచార్యునికి కోపముతో లేఖ వ్రాసినది. టాల్‌స్టాయి ఏప్రిలులో శాంతముగ సమాధానమిచ్చెను. త్రిత్వమును, ప్రభుభోజనమును తాను నమ్ముటలేదన్నది నిజమేననెను. దేవుడు ఆత్మయనియు, ప్రేమయనియు, సర్వమునకును మూలమనియు నమ్ముచున్నాననెను. ఆ దేవుని చిత్తము మనుష్యుడగు క్రీస్తు బోధయందు మిక్కిలి స్పష్టముగ కలదనియు, క్రీస్తునే దేవునిగా నెంచి ప్రార్థించుట మహాపరాధమనియు తన నమ్మకమును తెలిపెను. ప్రార్థన యేకాంతమున చేయవలసినదనెను. ప్రతిదినము ప్రాతఃకాలమున ఒంటరిగా నడచి ఆయన చేసికొనినది అట్టి ప్రార్థనయే. తరువాతి యేట క్రిమియాలో ఆయన ప్రాణాంతకమైన జబ్బుపడగా, మరల సంఘములో చేరునట్లు చెప్పుమని మహామతాచార్యుడు సోఫియాకు వ్రాసెను. ఆయన యంగీకరింపలేదు.

వార్ధక్యమున ఆయన బుద్ధుడు, లావోట్సు, ఎపిక్టేటసు, పాస్కలు మున్నగువారి సూక్తులను దినమునకు కొన్ని చొప్పున ఏర్చి కూర్చి “పఠనచక్రము” అను గ్రంథమును సిద్ధపరచెను. వివేకానందస్వామి వ్రాతలను ఆదరముతో చదివెను. 1908లో తారకనాథదాసుగారి లేఖకు జవాబుగా “ఒక హిందువునకు లేఖ” వ్రాసి, మనలను బంధించినది మన సహకారమేయని హెచ్చరించెను. అందు తిరుక్కురళు వచనములు నుదాహరించెను. “దేవుని రాజ్యము మీలోనే యున్నది” అను గ్రంథమును 1894లో దక్షిణాఫ్రికాలో చదివి మార్పు పొందియున్న గాంధీమహాత్ముడు 1909లో లండనునుండి ఆయనకు వ్రాసి, అనుజ్ఞ పొంది, ఓడలో ఆ లేఖను గుజరాతీలోనికి అనువదించెను. 1910లో జోహాన్నెసుబర్గు సమీపమున కాలెన్‌బాకుగారిచ్చిన 1,100 ఎకరములలో సత్యాగ్రహుల కుటుంబములకై వెలసిన క్షేత్రమునకు టాల్‌స్టాయి పేరే పెట్టిరి. తన భూమిపై తాను చేయజాలనిది మరియొకరి భూమిపై తన పేరిట జరుగుచున్నదని ఆయన చివరి సంవత్సరమున విని సంతసించెను.

1897లోనే ఆయన భార్యకొక లేఖ వ్రాసి దాచిపెట్టెను. హిందువులు అరువదియేండ్లు సమీపించిన పిమ్మట వనములకు పోవునట్లు తానును ఏకాంతమునకు పోగోరుచున్నానని అందు కలదు. లేఖ ఆయన మరణానంతరముగాని ఆమె చేతికి రాలేదు. మన వానప్రస్థమునకు మాత్రము ఒక నియమము కలదు: భార్యను కొడుకులకప్పగించియో, వెంటబెట్టుకొనియో పోవలెను. ఆయన యట్లు పోలేదు. 1910 జూలైలో అడవిలో మొద్దుపై కూర్చుండి, భార్యకు తెలియకుండ, తన వ్రాతల హక్కులన్నియు అలెగ్జాండ్రాకు చెందునట్లు మరణశాసనమును వ్రాసెను. రహస్యము ఇంట దాగునా? సోఫియా మతిచెడినదానివలె గదులన్నియు వెదుకసాగెను. సత్యమే దైవమన్నవాడు రహస్యపు వీలునామా వ్రాయుటను మేము సమర్థింపము.

అక్టోబరు 28వ తేదీన తెల్లవారకమున్నే, ఎనుబదిరెండేండ్ల వృద్ధుడు, వైద్యుడగు మకొవిట్స్కీని వెంటబెట్టుకొని యిల్లు విడిచెను. పోయినదెచ్చటికి? ఆప్టినా మఠమునకు! తాను వెలివడిన టాల్‌స్టాయినని ముందుగ చెప్పుకొని అతిథిశాలలో రాత్రి పరుండెను. మరునాడు వృద్ధసన్న్యాసుల యాశ్రమద్వారమువరకు నడచి, లోపలికి పోక మరలెను. వారు పిలిచినచో పోవునేమో. ఆయన పోయినచో వారు పిలుతురేమో. అచ్చటినుండి చెల్లెలు మరియా సన్న్యాసినిగా నున్న షమార్దినో మఠమునకు పోయి, ఆ యూర గుడిసె యొకటి అద్దెకు తీసికొందునని విచారించెను. అలెగ్జాండ్రా వచ్చి, తల్లి జాడ తీయుచున్నదని చెప్పగా మరల రైలెక్కెను. జ్వరము వచ్చినది. అస్తాపొవో అను చిన్న స్టేషనులో దిగి, స్టేషనుమాస్టరు ఓజొలినుగారి యింట పరుండెను. ఆప్టినా మఠమునుండి వర్సొనొఫీ యను వృద్ధుడు ప్రభుభోజనద్రవ్యములతో వచ్చి కాచుకొనియుండెను, లోపలికి రానీయలేదు. సోఫియా వచ్చినది, ఆమెనును రానీయలేదు, ఆయనకు స్పృహ తప్పినదాక. అర్చకుని వారించుట ఆయన మతమునకు తగినదే యనవచ్చును. నలువదియెనిమిదేండ్లు కాపురము చేసిన యాలిని కిటికీ బయట నిలుపుట ఏ సువార్తలో నున్నదో మాకు తెలియదు.

నవంబరు 7వ తేదీ ఉదయమున కన్ను మూసెను. ఆయనకై ప్రార్థనలు జరుపరాదని సినాడు నిషేధించెను. రైతులే శవమును యాస్నాయా పోల్యానాకు మోసికొనివచ్చిరి. వేలకొలది జనులు వెంట నడచిరి. అర్చకుడు లేడు, మంత్రము లేదు. అన్న చెప్పిన ఆకుపచ్చని కర్ర పాతిపెట్టినట్టి లోయ యొడ్డుననే, ఆయన కోరినట్లు, గోయి త్రవ్వి పూడ్చిరి. సమాధిపై శిలువయు లేదు, రాతిపలకయు లేదు. నేటికిని పచ్చికతో కప్పబడిన మట్టిదిబ్బయే. వెలివేసి నూరేండ్లయిన పిమ్మట 2001లో ఆయన వంశీయు డొకడు ఆ ప్రకటనమును మరల విచారింపుడని మతాధిపతిని కోరెను, వారు సమ్మతింపలేదు.

ఇక అలెగ్జాండ్రా సంగతి. తండ్రి తప్పిపోజూచిన రాత్రి పుట్టిన ఆ కుమార్తె, మరణశాసనముచే తనకు సంక్రమించిన అముద్రితగ్రంథముల ప్రచురణమువలన వచ్చిన సొమ్ముతో, తల్లివద్దను అన్నదమ్ములవద్దను యాస్నాయా పోల్యానా భూమిలో నధికభాగమును క్రయమునకు తీసికొని, 1913లో ఆ గ్రామపు రైతులకు ఒప్పగించినది.